చివరి బోల్టు, నాలుగో కాలు

కుర్చీ బిగించేటప్పుడు మొదటి బోల్టులన్నీ మర్యాదగా దూరుతాయి. ఆఖరిది మాత్రం మొండికేస్తుంది. రంధ్రం కనిపిస్తూనే ఉంటుంది, కానీ సగం పక్కకు జరిగి ఉంటుంది. అప్పుడు మనం ముందు కంపెనీవాణ్ణి తిడతాం, ఆ తర్వాత సుత్తి కోసం వెతుకుతాం. రెండూ అనవసరమే. తప్పు ఆ బోల్టుది కాదు, దానికంటే ముందు బిగించినవాటిది.

మా మనవరాలికి మొన్న ఈ సంగతే చెప్పాల్సి వచ్చింది. పెళ్లయ్యాక బీదర్‌లోనే, నౌబాద్ వైపు ఒక కొత్త అపార్టుమెంటులో కాపురం పెట్టింది. బాల్కనీ వెడల్పు నాలుగడుగులు, పొడవు ఎనిమిది. అందులోకి రెండు కుర్చీలు, ఒక చిన్న బల్ల కావాలని భార్యాభర్తలిద్దరూ జహీరాబాద్ మీదుగా హైదరాబాద్ వెళ్లి అట్టపెట్టెల్లో తెచ్చుకున్నారు. సుమారు 140 కిలోమీటర్ల దూరం. బిగించిన కుర్చీలయితే కారులో పట్టేవే కావు. కాళ్లు ఊడదీసి బల్లను పెట్టెలో పడుకోబెట్టే ఈ ఉపాయాన్ని స్వీడన్‌లో ఐకియా వాళ్లు 1956లో పట్టుకున్నారు. గిల్లిస్ లుండ్‌గ్రెన్ అనే ఉద్యోగి, ఒక బల్ల కారులో పట్టక, దాని కాళ్లు తీసేసి తీసుకుపోయాడట. మన బీదర్ హైదరాబాద్ రాష్ట్రం నుంచి విడిపోయి మైసూరు రాష్ట్రంలో కలిసింది కూడా ఆ ఏడాదే. ఆ రెండింటికీ ఏ సంబంధమూ లేదు, ముసలివాడికి గుర్తొచ్చింది కాబట్టి చెప్పాను.

ఇంక బోల్టు సంగతి. 6 మిల్లీమీటర్ల బోల్టుకు సరిగ్గా 6 మిల్లీమీటర్ల రంధ్రం పెట్టరు. ఆరున్నరో, ఏడో పెడతారు. రంధ్రం కోసే యంత్రం ఒక వెంట్రుకవాసి అటూ ఇటూ పోతుంది, గొట్టం వంచేటప్పుడు ఇంకో వెంట్రుకవాసి తేడా వస్తుంది. ఆ తేడాలన్నీ సర్దుకోవడానికి ఇచ్చిన వెసులుబాటే ఆ అర మిల్లీమీటరు. మొదటి బోల్టును గట్టిగా బిగించేశామా, దాని వెసులుబాటు అక్కడితో సరి. రెండోదీ అంతే, మూడోదీ అంతే. పెళ్లి పంక్తిలో ఒక్కొక్కరూ కొంచెం కొంచెం విశాలంగా కూర్చుంటూ పోతే చివరివాడికి విస్తరి వేయడానికి చోటు మిగలనట్టు, అన్ని మూలల తేడాలూ కలిసి ఆఖరి రంధ్రం దగ్గర బయటపడతాయి.

కాబట్టి బిడ్డా, అన్నాను, ముందు పానా పక్కన పెట్టు. అన్ని బోల్టులనూ చేత్తోనే రెండు మూడు చుట్లు ఎక్కించు. ఎక్కించేముందు ఒకసారి ఎడమవైపు, అంటే విప్పే దిక్కుకు, మెల్లగా తిప్పు. థ్రెడ్ల మొదళ్లు ఒకదాని మీది నుంచి ఒకటి జారి ‘టక్’మని కింద పడినట్టు వేలికి తెలుస్తుంది. అక్కడి నుంచి కుడికి తిప్పితే బోల్టు వంకరగా ఎక్కదు. వంకరగా ఎక్కిన బోల్టు థ్రెడ్డును తినేస్తుంది, ఆ తర్వాత దాన్ని బాగుచేయడం కష్టం. అన్నీ ఎక్కాక కుర్చీని అది ఉండబోయే చోటే, ఆ బాల్కనీ నేల మీదే నిలబెట్టు. పైన కూర్చుని రెండు ఊపులు ఊపు. అప్పుడు మూల నుంచి ఎదురుమూలకు పోతూ, ఒక్కోదాన్ని కొంచెం కొంచెంగా బిగించు. హాల్లో సోఫా పక్కన బిగించి బాల్కనీలోకి మోసుకెళ్లిన కుర్చీ హాలు నేలకు సరిపోతుంది, బాల్కనీ నేలకు సరిపోదు.

పెట్టెలో వంకర తిరిగిన ఆరుపలకల చువ్వ ఒకటి వస్తుంది చూడండి, అలెన్ కీ అంటారు. అమెరికాలో హార్ట్‌ఫర్డ్ అనే ఊళ్లో విలియం అలెన్ అనే ఆయన 1910లో ఈ రకం బోల్టుల తయారీకి పేటెంటు తీసుకున్నాడు. అప్పట్లో ఫ్యాక్టరీల్లో తిరిగే ఇరుసుల మీద బోల్టు తలలు బయటికి పొడుచుకొచ్చి పనివాళ్ల చొక్కా చేతుల్ని లాగేసేవి. తలను లోపలికి దింపి, లోపలే ఆరుపలకల గుంట పెడితే ఆ బాధ తప్పింది. ఇప్పుడు మన చీర కొంగు కుర్చీకి తగులుకోకపోవడానికీ అదే కారణం.

ఆ చువ్వ చిన్నదే గానీ దాని బలాన్ని తక్కువ అంచనా వేయకూడదు. 6 మిల్లీమీటర్ల మామూలు బోల్టు ఒక చుట్టు తిరిగితే 1 మిల్లీమీటరు ముందుకు పోతుంది. ఆ ఒక్క చుట్టుకు, 8 సెంటీమీటర్ల చువ్వ కొన పట్టుకున్న మన చెయ్యి దాదాపు 50 సెంటీమీటర్లు తిరుగుతుంది. లెక్కకు మన బలం 500 రెట్లవుతుంది. ఒరిపిడి అందులో పదింట తొమ్మిది పాళ్లు తినేస్తుందనుకున్నా, 5 కిలోల తోపుకు 250 కిలోల నొక్కు మిగులుతుంది. చెక్క పగిలిపోవడానికి అది చాలు. కాబట్టి వాషరు చెక్కలోకి దిగబడేదాకా తిప్పడం శౌర్యం కాదు. ఆ ఒరిపిడిని తిట్టకండి కూడా. అది లేకపోతే మనం చెయ్యి తీయగానే బోల్టు వెనక్కి తిరిగి వచ్చేసేది.

సరే, కుర్చీలు అయ్యాయి. బల్ల నిలబెట్టగానే ఊగింది. మా మనవడల్లుడు వెంటనే కాగితం మడత పెట్టడానికి సిద్ధమయ్యాడు. ఆగు బాబూ, బల్లను కొంచెం తిప్పి చూడు అన్నాను. నా మాట మీద అతనికి నమ్మకం కుదరలేదు, కానీ పెద్దవాణ్ణి కదా, తిప్పాడు. కొంచెం తిరిగాక బల్ల కదలడం మానేసింది. ఇందులో మంత్రం లేదు.

మూడు కాళ్ల పీట ఎక్కడ వేసినా ఊగదు. మూడు బిందువుల గుండా ఎప్పుడూ ఒక చదును తలం పోతుంది కనక, నేల ఎలా ఉన్నా మూడు కాళ్లూ ఆనుతాయి. నాలుగో కాలుతోనే పేచీ. మిగతా మూడూ నిర్ణయించిన తలంలోనే దాని కింద నేల కూడా ఉండాలి, అలా ఉండటం అదృష్టం. చాలామంది బాల్కనీ నేలకు వాలు ఉంటుంది కాబట్టే బల్ల ఊగుతుందనుకుంటారు. వాన నీళ్లు పోవడానికి మేస్త్రీ వాలు పెడతాడు, నిజమే. కానీ వాలు నేల చదునుగా ఉంటే బల్ల ఒరుగుతుందే తప్ప ఊగదు. కాళ్లు సమానంగా ఉన్నా ఊగిందంటే నేల మెలి తిరిగి ఉందన్నమాట, లేదా ఒక టైలు లేచి ఉందన్నమాట.

ఇప్పుడు చతురస్రపు బల్ల ఒకటి తీసుకోండి. ఎదురెదురు మూలల కాళ్లు ఒక జత, మిగతా రెండూ ఇంకో జత. మొదటి జత కింద నేల సగటున కొంచెం ఎత్తుగా, రెండో జత కింద కొంచెం పల్లంగా ఉంది, అందుకే ఊగుతోంది. బల్లను 90 డిగ్రీలు తిప్పితే మొదటి జత వచ్చి రెండో జత చోట్లో నిలుస్తుంది. ఇప్పుడు ఎత్తులో ఉన్నది రెండో జత. అంటే తేడా తలకిందులైంది. ఎక్కువ నుంచి తక్కువకు మెల్లగా పోయేది ఏదైనా మధ్యలో ఒకచోట సున్నా దాటాలి. ఆ సున్నా దగ్గర బల్ల ఊగదు. ఇంతే ఉపాయం. జెనీవా దగ్గర సెర్న్ పరిశోధనాలయంలో పనిచేసిన ఆంద్రే మార్టాన్ అనే భౌతిక శాస్త్రవేత్త 2005 ప్రాంతంలో కూర్చుని దీనికి పకడ్బందీగా రుజువు రాశాడు. నేల వాలు ఎక్కడా మరీ ఎక్కువ లేకుండా, మెట్టు లేకుండా సాఫీగా ఉండి, కాళ్లు నాలుగూ సమానమైతే 90 డిగ్రీల లోపల ఎక్కడో ఒకచోట బల్ల కుదురుకుని తీరుతుంది. పరమాణువుల లోపలి రహస్యాలు వెతికే ఆయన ఊగే బల్ల మీద పేపరు రాయడం నాకు భలే నచ్చింది.

మెట్టు లేకుండా అన్నాను కదా, అదే కిటుకు. రెండు టైళ్ల మధ్య అంచు లేచి ఉంటే కాలు ఒక్కసారిగా ఎక్కుతుంది, సున్నా దగ్గర ఆగదు. అప్పుడు కాళ్ల కింద తిప్పితే పైకీ కిందికీ జరిగే మరబిళ్లలు ఉంటే వాటితో సరిచేసుకోవాలి. అవి లేకపోతే కాగితం మడతే గతి.

అయితే ఈ నాలుగో కాలి గొడవను మన పల్లెవాళ్లు ఎప్పుడో తేల్చేశారు. నులక మంచం ఉంది చూడండి. నాలుగు కోళ్లు, నాలుగు పట్టెలు. పట్టె కొసను చెక్కి కోడులోని బెజ్జంలో దూర్చడమే, మేకు లేదు, మర లేదు. పైన అల్లిన నులక లోపలికి లాగుతూ ఉంటుంది కాబట్టి ఆ లాగుడే కీళ్లను పట్టి ఉంచుతుంది. కీళ్లు కొంచెం కదులుతాయి గనక మంచం కాస్త మెలి తిరుగుతుంది, తిరిగి నాలుగు కోళ్లూ నేలకు ఆనుతాయి. ఎండాకాలం రాత్రి డాబా మీద వేసినా, వాకిట్లో మట్టి మీద వేసినా ఎవరూ దాని కోడు కింద చెక్క పెట్టరు. నులక సాగితే కాళ్లవైపు తాడు బిగించుకుంటారు. పొద్దున్నే ఎత్తి గోడకు నిలబెడితే స్థలమంతా ఖాళీ. చిన్న ఇంటి ఆరుబయటి సామాను ఎలా ఉండాలో దీనికి మించిన నమూనా నేను చూడలేదు. ఇనుప గొట్టాల కుర్చీని గట్టిగా బిగించాక ఆ మెలి తిరిగే గుణం ఉండదు. అందుకే నేల మీద పెట్టి బిగించమన్నాను.

ఇక తుప్పు. ఈ విషయంలో బీదర్‌లో కూర్చుని మాట్లాడటంలో ఒక తమాషా ఉంది. మన కాళ్ల కింద ఎర్రగా కనబడే నేలంతా ఒక రకంగా తుప్పే. దక్కను నల్లరాయి లక్షల ఏళ్ల వానలకు నాని, సులువుగా కరిగేవన్నీ కొట్టుకుపోయి, ఇనుము, అల్యూమినియం ఆక్సైడ్లు మిగిలి ఎర్రరాయి అయింది. మలబారులో దీన్ని చూసిన ఫ్రాన్సిస్ బుకానన్ 1807లో లాటరైట్ అని పేరు పెట్టాడు. తవ్వినప్పుడు మెత్తగా ఉండి, గాలికి ఆరిన కొద్దీ గట్టిపడుతుంది. బీదర్ కోటకు ఉన్న మూడు వరుసల కందకాన్ని ఈ రాతిలోనే తొలిచారు. ఆ రాతిలో ఉండే గోథైట్ అనే ఇనుప ఖనిజం మీ పాత గేటు మీద తుప్పులో కూడా ఉంటుంది. ఇనుము గాలిలో, నీటిలో చేరాలనుకునే చివరి స్థితి అదే. మన కుర్చీ కూడా అటే పోవాలని చూస్తుంది, మనం ఆలస్యం చేస్తున్నామంతే.

ఆలస్యం చేసే లోహం కూడా బీదర్‌కు బాగా తెలిసినదే. బిద్రి పాత్రల మూలలోహం జింకు, పెద్దలు తుత్తునాగం అనేవారు. సుమారు పదహారు పాళ్ల జింకుకు ఒక పాలు రాగి కలిపి పోత పోస్తారు. చెక్కి, వెండి తీగ కొట్టి, నున్నగా రాకి, కోట లోపలి పాతమట్టినీ నవాసాగరాన్నీ కలిపిన ముద్ద వేడి మీద పట్టిస్తారు. లోహం నల్లగా మారుతుంది, వెండి తెల్లగా అలాగే నిలుస్తుంది. 2006లో ఈ పనికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. చౌబారా బురుజు పక్క గల్లీల్లో ఇప్పటికీ ఆ సుత్తి చప్పుడు వినొచ్చు.

అదే జింకు మీ కుర్చీ బోల్టు మీద పలచని పొరగా ఉంటుంది. రంగు వేస్తే ఇనుముకు నీరు తగలకుండా అడ్డం ఉంటుందంతే. గీత పడితే ఆ గీతలోంచి తుప్పు రంగు కిందికి పాకుతుంది. తుప్పు ఇనుముకంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కనక రంగును పొక్కులుగా లేపేస్తుంది. జింకు తీరు వేరు. దానికి ఇనుముకంటే ఎలక్ట్రాన్లు వదిలేయడం సులువు. తడి తగిలినప్పుడు రెండూ కలిసి చిన్న బ్యాటరీ అయి, ముందు జింకే కరుగుతుంది. కరుగుతున్నంత కాలం ఇనుము జోలికి తుప్పు రాదు. సన్నగీత పడినా పక్కనున్న జింకు కాపాడుతుంది. ఇనుమును కరిగిన జింకులో ముంచే పద్ధతికి ఫ్రాన్స్‌లో సోరెల్ 1837లో పేటెంటు పొందాడు.

కానీ పొర మందం చూడాలి. పెట్టెలో వచ్చే తళతళలాడే బోల్టు మీద జింకు మామూలుగా 5 నుంచి 8 మైక్రాన్లు. కరిగిన జింకులో ముంచిన జీఐ గొట్టం మీద 50 పైనే ఉంటుంది. సముద్రానికి దూరంగా, పొగ లేని గాలిలో జింకు ఏడాదికి ఒక మైక్రాను అటూ ఇటూగా తరుగుతుంది. లెక్క మీరే వేసుకోండి, బోల్టు ముందు పోతుంది, గొట్టం తర్వాత. బీదర్‌కు ఏ వైపు చూసినా సముద్రం 300 కిలోమీటర్ల పైమాటే, అది మన అదృష్టం. ఇదే కుర్చీ విశాఖ బీచ్ రోడ్డులో బాల్కనీలో పెడితే ఉప్పుగాలికి చాలా తొందరగా పాడవుతుంది. అక్కడివాళ్లు స్టెయిన్‌లెస్ బోల్టులకు డబ్బు పెట్టడంలో దుబారా ఏమీ లేదు. ఒకటి మాత్రం చేయకండి: స్టెయిన్‌లెస్ స్టీలు కుర్చీకి బోల్టు పోయిందని మామూలు ఇనుప బోల్టు బిగించడం. పెద్ద స్టీలు, చిన్న ఇనుము, మధ్యలో వాన నీరు, పాపం ఆ చిన్నదే మొత్తం కరిగిపోతుంది.

ఇంకో దొంగచోటు కాలి గొట్టం అడుగు. పైన ఏదో రంధ్రంలోంచి నీరు దిగి, కింద ప్లాస్టిక్ టోపీలో నిలిచి లోపలి నుంచి తినేస్తుంది. బయట రంగు కొత్తగానే ఉంటుంది, ఒకనాడు కాలు చతికిలబడుతుంది. పెద్ద వాన పడ్డాక కుర్చీని ఒకసారి తలకిందులు చేస్తే చాలు.

చెక్క గురించి ఎక్కువ చెప్పను. కోటలో రంగీన్ మహల్‌లో చెక్కిన కొయ్య స్తంభాలు వందల ఏళ్లుగా నిలిచి ఉన్నాయి, వాటి మీద కప్పు ఉంది కాబట్టి. కప్పు లేని బాల్కనీలో పలకల మధ్య సందు ఉండాలి. మే నెల ఎండకు ఆరి, ఆగస్టు ముసురుకు తడిసే టేకు పలక పది సెంటీమీటర్ల వెడల్పులో ఒకటి రెండు మిల్లీమీటర్లు ఉబ్బుతుంది. నిలువునా దాదాపు ఏమీ పెరగదు. సందు అందానికి పెట్టారనుకుని బంక పూసి మూసేవాళ్లను చూశాను. ఎండలో కూర్చోవడానికి మాత్రం చెక్కే హాయి. రెండూ ఒకే వేడిలో ఉన్నా, ఇనుము టేకుకంటే చాలా జోరుగా వేడిని చర్మంలోకి తోస్తుంది. అందుకే మే నెల మధ్యాహ్నం నల్ల ఇనుప కుర్చీలో కూర్చున్నవాడు వెంటనే లేస్తాడు.

బిగించే పనే లేని కుర్చీ కూడా ఉంది, తెల్ల ప్లాస్టిక్‌ది. ఒకే అచ్చులో పోసిన ఈ రకానికి ఫ్రాన్స్‌లో ఆన్రీ మసొనే 1972లో చేసిన కుర్చీ పేరు తెచ్చింది. కాళ్లు కొంచెం వంగుతాయి గనక నాలుగూ ఆనుతాయి, అక్కడ అది మన మంచానికి చుట్టమే. ఎండలోని అతినీలలోహిత కిరణాలు దాని పొడవాటి అణువుల గొలుసుల్ని తెంపుతాయి. వేలితో రాస్తే తెల్లపొడి అంటుకుందంటే అది పెళుసెక్కినట్టు. పెద్దవాళ్లను అందులో కూర్చోబెట్టకండి. ఇక గాలి సంగతి. గంటకు 60 కిలోమీటర్ల గాలి చదరపు మీటరు మీద సుమారు 17 కిలోల బరువుతో తోస్తుంది. కుర్చీ వీపు, సీటు కలిపి మూడో వంతు చదరపు మీటరనుకుంటే దాదాపు 6 కిలోల తోపు. కుర్చీ బరువు రెండున్నర కిలోలు. వేసవి చివర గాలివానకు డాబా మీది కుర్చీ పక్కింటి దొడ్లో ఎందుకు తేలుతుందో తెలిసిందిగా. రాత్రికి ఒకదానిలో ఒకటి పేర్చి తాడుతో కట్టేయండి.

బరువు లెక్కలో కుర్చీలకు భయపడక్కర్లేదు. ఐఎస్ 875 అనే మన దేశపు కట్టడాల ప్రమాణం ఇళ్ల బాల్కనీలకు చదరపు మీటరుకు సుమారు 300 కిలోల బరువు లెక్కలోకి తీసుకోమంటుంది. భయపడాల్సింది నీళ్ల డ్రమ్ములకు, తడిమట్టి నింపిన పెద్ద తొట్లకు. పాతబస్తీలో దూలాల మీద మట్టి మిద్దె ఉన్నవాళ్లకు ఆ 300 వర్తించదు, మేస్త్రీని అడిగాకే ఏదైనా పెట్టాలి.

బిగించిన కొన్ని రోజులకు బోల్టులు మళ్లీ ఒకసారి చూసుకోండి, ఆ తర్వాత ఏటా మృగశిర కార్తెకు ముందు ఒకసారి, దసరాకు ఒకసారి. ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. పిట్టగోడ మీటరు ఎత్తు ఉంటుంది, కుర్చీ సీటు 45 సెంటీమీటర్లు. ఆ కుర్చీ ఎక్కిన పిల్లవాడికి గోడ 55 సెంటీమీటర్లే. పసిపిల్లలున్న ఇంట్లో కుర్చీనీ బల్లనీ ఇంటి గోడవైపే వేయండి, పిట్టగోడ పక్కన ఏదీ ఉంచకండి.